దీపం తగ్గించిన మనిషి

పోయిన వారం మా గ్రంథాలయం మేడం ఫోన్ చేసింది. నేను అంగట్లో ఒక ఎల్‌ఈడీ టీవీ వెనక మూత విప్పుకుని కూర్చున్నాను.

"అన్నా, మన ఎలక్ట్రాన్ల సారు పోయినాడంట. వేంపల్లెలో. ఆయన దగ్గర సదువుకున్నోళ్లు వాట్సాప్‌లో పెట్టినారు."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"ఈసారి వారోత్సవాల సంచికలో ఆయన గురించి రెండు పేజీలు వేస్తాం. మీరే రాయాల. మీ అంత దగ్గరగా ఆయన్ని చూసినోళ్లు ఎవరుండారు? ఫోటో కింద పేరు ముందర ఏం పెట్టాలో అది గూడా మీరే చెప్పండి."

దగ్గరగా చూసిన మాట నిజమే. అసూయపడేవాడు చూసినంత దగ్గరగా మనిషిని ఇంకెవరూ చూడరు.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా కర్నూలులో మా పేటలో ఉన్న ఆ చిన్న గ్రంథాలయంలోనే. పిక్చర్ ట్యూబుల రోజుల్లో తెర మీద బొమ్మ మసకబారితే మెకానిక్కులందరూ "ఎమిషన్ పోయింది" అనేవాళ్లు. ఆ మాటకు అర్థం తెలిసింది మాత్రం మా బజారులో నాకొక్కడికే. ట్యూబు మెడలో ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. అది వేడెక్కితే దాని నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి వచ్చి తెర మీద పడతాయి, బొమ్మ కనబడుతుంది. ఆ ముక్క ముసలిదయ్యే కొద్దీ ఎలక్ట్రాన్లు రావడం తగ్గుతుంది. దీన్ని నేను గ్రంథాలయంలోని నీలం అట్ట భౌతికశాస్త్రం పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకం అక్కడ ఒకే ఒక్క ప్రతి. దాని కార్డులో పై నుంచి కింది దాకా నా సంతకమే.

గ్రహణం గురించైనా, రాకెట్టు గురించైనా, మిక్సీ షాక్ కొట్టడం గురించైనా గ్రంథాలయంలో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. "టీవీ సార్" అనేవాళ్లు నన్ను. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు విజ్ఞానం మీద ఒక ప్రసంగం ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా అది నాదే. దానికోసం ఒక తెల్ల చొక్కా విడిగా పెట్టుకునేవాణ్ని. నా బతుకులో నాకున్న గౌరవం అంతా ఆ గదిలోనే ఉండేది.

అలాంటి గదిలోకి ఒక సాయంత్రం వెళ్లేసరికి నా కుర్చీలో ఒక మనిషి కూర్చుని నా నీలం పుస్తకం చదువుతున్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. తల మీద ఉన్న ట్యూబులైటు ఆర్పేసి, కిటికీలోంచి వచ్చే వెలుతురులో చదువుతున్నాడు. పుస్తకాన్ని అరచేతుల్లో పట్టుకోకుండా, ఇప్పుడే కడిగి తెచ్చిన ఫోటోలాగా అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"లైటు వేసుకోండి సార్, కళ్లు పాడైతాయి" అన్నాను.

"సాలన్నా. ఎక్కువైతే ఉండేది గూడా కనపడదు" అన్నాడు. తర్వాత కార్డు తీసి చూపించాడు. "ఇందులో అంతా ఒకటే సంతకం ఉండాది. మీదేనా? ఈ పుస్తకాన్ని ఇన్నిసార్లు సదివినోళ్లు ఎవరబ్బా అని చూస్తాండా."

మెచ్చుకోవడమే అది. నాకు మాత్రం ఎగతాళిగా వినబడింది.

మేడం నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "డాక్టరంట అన్నా. ఉత్తరాదిలో పెద్ద ల్యాబులో ఎలక్ట్రాన్ల మీద పరిశోధన చేసొచ్చినాడంట. ఈడ జూనియర్ కాలేజీలో చెప్తాండాడు."

నేను పాతికేళ్లు ఎలక్ట్రాన్ల మీద బతికినవాణ్ని. ఆయన వాటిమీద పరిశోధన చేసి వచ్చినవాడు. ఆయన నన్ను "అన్నా" అనేవాడు, నేను ఆయన్ని "సార్" అనేవాణ్ని.

గ్రంథాలయం ఎదురుగా మస్తాన్ టీ అంగడి ఉంది. ఆయన అక్కడ స్టీలు గ్లాసును నేరుగా పట్టుకోడు. జేబులోంచి రుమాలు తీసి, దానితో గ్లాసు అడుగును పట్టుకుంటాడు. రెండు రోజులు చూసి మూడో రోజు మస్తాన్ ఊరుకోలేదు.

"ఏం సారూ, మా గ్లాసు మైలపడ్డాదా? మీకు గూడా మడి వచ్చెనా?"

ఆయన టీ ఒలికిపోయేలా నవ్వాడు. "మా తాతకు ఊర్లో హోటల్లో గ్లాసు వేరే పెడ్తాంటిరప్పా. బయట తొట్టికాడ కడుక్కొని బోర్లించి రావాల. ఆయన మనవణ్ని నేను మడి కడ్తాండానా! విన్నింటే మా తాత సచ్చిపోయినోడు లేచొచ్చి నవ్వుతాండె." వాళ్లది వేంపల్లెలో చర్చిని ఆనుకుని ఉన్న ఇల్లని, నాన్న వేరుశనగ చేన్లలో కూలికి పోయేవాడని అలా తెలిసింది. "ఇది ల్యాబు అలవాటప్పా. మేం చూసే లోహం ముక్క ఉక్కు డబ్బాలో ఉంటాది. డబ్బాలో గాలి ఉండగూడదు. లోపల యాడన్నా ఒక వేలిముద్ర పడిందనుకో, ఆ జిడ్డు ఆవిరై పొయ్యేదాకా దినాల తరబడి డబ్బాను కాల్చుకుంటా కూసోవాల."

మర్నాటి నుంచి మస్తాన్ గ్లాసును బట్టతో తుడిచి, అంచు మాత్రమే ముట్టుకుని ఇచ్చేవాడు. "సారుకు వేలిముద్ర లేని టీ!" అని కేక. బెంచీ మీదివాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఇచ్చే గ్లాసులో మాత్రం రెండు వేళ్లు ముంచే ఇచ్చేవాడు.

ఒకరోజు ఇంట్లో నేను కూడా రుమాలుతో గ్లాసు పట్టుకుని టీ తాగాను. నా భార్య చూసి, "చెయ్యి కాలిందా?" అంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆయన ఎక్కువగా అనే మాట "తగ్గించు." మస్తాన్ స్టవ్ పెద్దది చేస్తే "తగ్గించప్పా." ఎవరన్నా ఫోన్లో పాట గట్టిగా పెడితే "కొంచెం తగ్గించు." నలుగురు చుట్టూ చేరి నాలుగు ప్రశ్నలు అడిగితే చెయ్యెత్తి, "ఒక్కొక్కటే రానీండి" అనేవాడు. ఒకసారి ఇద్దరం నంద్యాలకు పోవాల్సి వచ్చింది. నిండిన బస్సులు మూడు వదిలేశాడు. నేను చిరాకుపడితే, "తొందరపడి ఎక్కి ఏం జేస్తామన్నా, ఎవరి కాలు ఎవరు తొక్కిండేదీ తెలీదు" అన్నాడు. ఇదంతా పెద్ద చదువు చదివినవాళ్ల నడక అనుకున్నాను. దాని వెనక ఏముందో అప్పటికి నాకు తెలియదు.

నెమ్మదిగా ప్రశ్నలు ఆయన వైపు మళ్లాయి. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన గ్రహణం సంగతి నన్ను అడిగి, నేను చెప్పిందంతా విని, "సరే, డాక్టరు సారును గూడా ఒక మాట అడుగుదాం" అన్నాడు. అదే సంగతి ఆయన చెప్పాడు. నేను చెప్పినట్టే చెప్పాడు. పోస్టుమాస్టరు మాత్రం అప్పుడే విన్నట్టు తల ఊపాడు.

మీరు ల్యాబులో చేసిందేమిటని ఒక సాయంత్రం నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"లోహం మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్ బయటికొస్తాది. అది మీకు తెల్సు గదా?"

"తెలుసు."

"ఒక్క వెలుగు కణం తగిలితే ఒక్కటే రావాల. కానీ శానా అరుదుగా, ఒకే దెబ్బకు రెండు వస్తాయన్నా. జంటగా. దేని దోవ దానిదే అయితే రెండోది రాదు. వస్తాండాదంటే, లోపల వాటికి ఒకదాంతో ఒకదానికి ఏదో ఉండాదని లెక్క. ఆ జంటలను పట్టుకోవడమే మా పని."

"వాటికి మధ్యన ఉండేది వికర్షణే గదా సార్? ఒకదాన్నొకటి తోసుకుంటాయి గదా?" పుస్తకంలో చదివింది వదిలిపెట్టలేదు నేను.

"అవునన్నా. తోసుకుంటాయి గాబట్టే ప్రతిదానికీ పక్కదాని మీద ఎప్పుడూ ఒక కన్నుంటాది. అది యాడ ఉండాది, ఎట్లా కదుల్తాండాది అని. తోసుకోవడం గూడా సంబంధమే."

ఆ మాట అంటూ టీ గ్లాసు వైపు చూశాడు. నా మొహం వైపు చూసి ఉంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ని.

అక్టోబరు చివర్లో మేడం నన్ను పిలిచింది. "అన్నా, ఈసారి వారోత్సవాలకు సారుతో మాట్లాడిద్దాం. మీరు ప్రతేడు చెప్తాండారు గదా, ఈసారి హాయిగా ముందు వరసలో కూసోండి." నేను తల ఊపి బయటికి వస్తుంటే వెనక నుంచి, "మైకు మాత్రం మీరే చూస్కోవాల, పోయినసారి గుయ్యిమన్యాది" అంది.

ఆ సాయంత్రమే నీలం పుస్తకం నా కార్డు మీద ఇంటికి తెచ్చుకున్నాను. చదవాలని తెచ్చాను. ఆయనకు దొరకకూడదని కూడా తెచ్చాను. మూడు వారాలు చదివాను. ఆయన ప్రసంగంలో ఒక తప్పు పట్టుకోవాలి, అందరి ముందర లేచి అడగాలి, ఆయన నీళ్లు నమలాలి. నాకు కావలసింది అంతే.

తప్పు పుస్తకంలో దొరకలేదు. నా అంగట్లో దొరికింది.

క్రికెట్ పోటీలు పెద్దవి మొదలవుతున్నాయి. ఊళ్లో పాడైన టీవీలన్నీ ఒకేసారి నా దగ్గరికి వచ్చిపడ్డాయి. గడప మీద ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పక్కపక్కన నిలబడ్డారు. "మీరిద్దరూ కలిసొచ్చినారా?" అన్నాను. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనెవరో నాకేం తెల్సప్పా?" అంది. జనం నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే నాకు తట్టింది. మామూలు రోజు ఎండ మధ్యాహ్నం, బజారులో పురుగు లేనప్పుడు గడప మీదికి ఇద్దరు వస్తే వాళ్లు కలిసి వచ్చినట్టే. గిరాకీ రోజున ఇద్దరు ఒకేసారి గడప తొక్కితే అందులో అర్థమే లేదు. మరి ఆయన ఎలక్ట్రాన్లు? కాగితం తీసుకుని లెక్క వేశాను. వెలుగును రెండింతలు చేస్తే నిజం జంటలు రెండింతలవుతాయి. ఉత్తినే కలిసి వచ్చినవి మాత్రం, మొదటిదీ రెండింతలు, రెండోదీ రెండింతలు కాబట్టి, నాలుగింతలవుతాయి. ఎన్నిసార్లు వేసినా అంతే. ఆ కాగితాన్ని తెల్ల చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ప్రసంగం రోజు గ్రంథాలయం నిండింది. బయట నల్లబల్ల మీద మేడం సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో రాసింది. అంశం పేరు, దాని కింద "వక్త: డా." అని ఆయన పేరు. నేను మైకు సరిచేసి ముందు వరసలో కూర్చున్నాను.

ఆయన బాగా మాట్లాడాడు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. కాగితం చూడకుండా, ఒక్క ఇంగ్లీషు మాటను కూడా విప్పి చెప్పకుండా వదలకుండా, పోస్టుమాస్టరు నోరు తెరుచుకుని వినేలా చెప్పాడు. జంట ఎలక్ట్రాన్ల దగ్గరికి వచ్చి, "రెండు వైపులా రెండు యంత్రాలు పెడ్తాం. రెండూ ఒకే క్షణంలో టిక్కుమంటే అది జంట" అన్నాడు.

నేను లేచాను. గొంతు గట్టిగానే వచ్చింది.

"ఒక అనుమానం సార్. రెండూ ఒకే క్షణంలో టిక్కుమంటే జంటేనని ఎట్లా చెప్తారు? రెండు వెలుగు కణాలు వేర్వేరుగా రెండింటిని కొట్టిండచ్చు గదా? మా అంగట్లో గిరాకీ ఉండే దినం ముక్కూ మొహం తెలీనోళ్లు ఇద్దరు ఒకేసారి గడప తొక్కుతారు. వాళ్లను మొగుడూ పెండ్లాం అంటామా?"

జనం గొల్లుమన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వలేదు. మైకును నోటి నుంచి కొంచెం దూరం జరిపాడు.

"అనలేమన్నా" అన్నాడు. ఆగాడు. ఆ ఆగడం నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

"ఈ అన్న అడిగిందే అసలైన ప్రశ్న. నేను దాన్ని అడగాల్సినప్పుడు అడగలే. నాకు గడువు దగ్గరపడింది. జంటలు దినానికి పదీ పన్నెండు గూడా పడ్తాలేవు. అందుకని లోహం మీద వెలుగు కొట్టే దీపం పెంచినా. గబగబా పడినాయి. ఎనిమిది నెలలు, పొద్దున లేచి ఆ అంకెలు చూసుకొని సంబరపడినా. థీసిస్ గూడా రాసుకున్యా. అంతా అయినాక మా సారు ఒకటే మాటన్నాడు, దీపం సగానికి తగ్గించి చూడు అని. తగ్గించినా. నిజం జంటలైతే సగం కావాల. పావుకు పడిపోయినాయి."

ఆ గదిలో పావు అంటే ఏమిటో అర్థమైంది నాకూ ఆయనకూ మాత్రమే. మిగతావాళ్లకు తర్వాతి మాట అర్థమైంది.

"అన్నీ గిరాకీ దినం గడప తొక్కినోళ్లే. నా డిగ్రీ కాలేదు. నేను డాక్టరును కాదు. మీరు అట్లా పిలుస్తాంటే కాదని చెప్పలే. అది గూడా నా తప్పే."

మైకు కింద పెట్టి బయటికి నడిచాడు. కిటికీలోంచి అందరం చూస్తూనే ఉన్నాం. నల్లబల్ల దగ్గర ఆగి, జేబులోంచి రుమాలు తీసి, తన పేరు ముందర ఉన్న ఆ ఒక్క అక్షరాన్ని, దాని పక్కనున్న చుక్కను తుడిచేశాడు. మిగతా పేరును ముట్టుకోలేదు. అక్షరాల మీద చెయ్యి తగలకుండా, అంచు నుంచి, జాగ్రత్తగా.

నా జేబులోని కాగితాన్ని బయటికి తీసే అవసరమే రాలేదు.

ఇంటికి పోయి ఉంటాడనుకున్నాను. మస్తాన్ అంగట్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మస్తాన్ అప్పటికే ఎవరి దగ్గరో సంగతంతా విన్నాడు. అయినా గ్లాసు తుడిచి, అంచు పట్టుకుని ఇచ్చాడు. కేక మాత్రం వేయలేదు.

"అన్నా, ఆ ప్రశ్న ఏ పుస్తకంలో ఉండాది?" అని అడిగాడు ఆయన.

"ఏ పుస్తకంలోనూ కాదు. అంగట్లో తట్టింది." కాగితం తీసి చూపించాను. రెండింతలు, నాలుగింతలు.

చాలాసేపు చూశాడు దాన్ని. "నాకు మా సారు చెప్తే గాని తెలీలేదు. ఆరేండ్లు ఆ యంత్రం పక్కనే ఉంటి. మీకు అంగట్లో కూసొని తెల్సిపాయె." ఆయన గొంతులో ఉన్నదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. దాన్ని గుర్తుపట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఆయనకు నా మీద అసూయగా ఉంది. ఆ క్షణం నేను ఎంత ఎత్తున ఉన్నానో చెప్పలేను.

అంతలోనే ఆయన అన్నాడు. "పావుకు పడినాక ఇంగ నాకు మూడు వారాలే మిగిలింది. డిగ్రీ రాదని తెల్సు. దీపం ఉండీ లేనట్టు తగ్గించేసినా. తగ్గించి కూసున్యా. పొద్దున నుంచి సాయంత్రం దాకా నాలుగో అయిదో. మళ్లా సగం చేసినా. దినానికి రెండో మూడో. ఒక్కరోజు లెక్క నమ్మగూడదని దినాల తరబడి కూడుకుంటా కూసున్యా. సరిగ్గా సగమే అన్నా! థీసిస్సుకు సాలవు. కానీ నిజమైనవి. ప్రపంచంలో ఆ పూట ఆ లోహం నుంచి అవి రెండూ కలిసి బయటికొచ్చినాయి, అది నేను చూసినా."

చేతిలో రుమాలు, రుమాల్లో గ్లాసు. ఆయన మొహం ఎలా ఉందంటే, ఇంతకుముందు అందరి ముందర పరువు పోగొట్టుకున్న మనిషిలా లేదు.

నేను ఎక్కిన ఎత్తంతా ఆ ఒక్క మాటతో దిగిపోయాను. ఆయన చూశాడు. నేను చదివాను. పాతికేళ్లు పిక్చర్ ట్యూబులు బాగుచేశాను, ఒక్క ఎలక్ట్రానును కూడా విడిగా పట్టుకోలేదు. పోనీ, ఆయన చేసిన తప్పైనా నేను చేయగలనా? ఎనిమిది నెలలు ఒక గొప్ప తప్పు చేయడానికి ఒక ఉక్కు డబ్బా కావాలి, ఒక దీపం కావాలి, సగానికి తగ్గించి చూడమనే ఒక సారు కావాలి. నాకు అంత తప్పు చేసే చోటు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆయన పనిచేసే కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా పేరు ముందర ఆ అక్షరం ఉండేది. అది ఆయన వేయించింది కాదు. అయినా ఈ సంగతి అక్కడికి చేరింది. వేసవి సెలవులకు వెళ్లినవాడు మళ్లీ కర్నూలు రాలేదు. వేంపల్లెలో ఇంటి అరుగు మీద పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాడని విన్నాను. వేంపల్లె ఎంత దూరమని? ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్తే ఏమనాలో తెలియక కాదు. వెళ్తే ఆయన నన్ను బాగా చూసుకుంటాడని.

ప్రశ్నలు మళ్లీ నా దగ్గరికే వచ్చాయి. తర్వాతి నవంబరులో ప్రసంగం నాదే. పోస్టుమాస్టరు ముందు వరసలో కునుకు తీశాడు. "ఏం టీవీ సార్, మైకు బాగుండాదా?" అని మస్తాన్ కిటికీలోంచి అడిగాడు.

ఇంత రాసి, నిన్న సాయంత్రం గ్రంథాలయానికి తీసుకువెళ్లాను. మేడం అంతా చదివి, ఫోటో చూపించింది. ఆ ప్రసంగం రోజు ఎవరో తీసింది. ఆయన మైకును దూరం జరుపుతున్నాడు.

"పేరు ముందర 'డా.' పెడదామన్నా" అంది. "ఎనిమిది నెలలు, ఆ పైన మూడు వారాలు అంత కష్టపడినాడని మీరే రాసినారు గదా. పోయిన మనిషికి ఆ ఒక్క అక్షరం ఇస్తే ఏం పోతాది? ఎవరు అడగొస్తారు?"

"వద్దు" అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది. "ఆయన మీద ఆ మంట ఇంగా పోలేదా అన్నా మీకు?"

ఆయన స్వయంగా తుడిచిన అక్షరాన్ని మనం మళ్లీ రాయకూడదని అన్నాను. అది నిజం. ఆ అక్షరం ఆయన పేరు ముందర చూడలేను. అదీ నిజమే. ఆ ఒక్క 'వద్దు'లో ఆ రెండూ ఒకే క్షణంలో నా నోట్లోంచి బయటపడ్డాయి. కలిసి వచ్చాయో, ఉత్తినే ఒకే గడప తొక్కాయో నాకు తెలియదు.

మేడం పేరు రాసుకుంటోంది, ఆ ఒక్క అక్షరం లేకుండా. నేను నా కుర్చీలో కూర్చుని, చెయ్యి పైకెత్తి గోడ మీది స్విచ్చు నొక్కి, తల మీది ట్యూబులైటు ఆర్పేశాను.